బంతిని ఎగరవేసే చెయ్యి



టెన్నిస్ ఆటను మీరు టీవీలోనైనా చూసే ఉంటారు. ఆటగాడు గీత వెనక నిలబడి, బంతిని రెండుమూడు సార్లు నేలకేసి కొట్టి, పైకి ఎగరేసి, రాకెట్‌తో అవతలి గడిలోకి బాదుతాడు. దాన్ని సర్వీసు అంటాం. ఆ క్షణంలో మీ చూపు ఎక్కడ ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. రాకెట్ మీదనే ఉంటుంది. గంటకు రెండు వందల కిలోమీటర్లంటూ తెరమీద వేగం కూడా వేస్తారు కాబట్టి, ఆ ఘనత అంతా రాకెట్ పట్టిన చేతిదే అనుకుంటాం. ఈ పూట నేను ఆ చేతిని పక్కన పెట్టి రెండో చేతిని గురించి మాట్లాడతాను. కుడిచేతి వాటం వాళ్లకు అది ఎడమ చెయ్యి, ఎడమచేతి వాటం వాళ్లకు కుడి చెయ్యి. బంతిని గాలిలోకి ఎగరవేసే చెయ్యి. ఈ ఎగరవేయడాన్ని ఆటగాళ్లు టాస్ అంటారు. ఆట మొదలుపెట్టే ముందు రూపాయి బిళ్లతో వేసే టాస్ వేరు, ఇది వేరు. రెండూ కలగాపులగం కాకుండా నేను 'ఎగరవేత' అనే మాటే వాడతాను.

టెన్నిస్‌లో మిగిలిన దెబ్బలన్నీ ఎదుటివాడు పంపిన బంతికి జవాబుగా కొట్టేవే. బంతి ఎక్కడికి వస్తే అక్కడికి మనం పరుగెత్తాలి. సర్వీసు ఒక్కటే అలా కాదు. బంతి ఎక్కడ ఉండాలో, ఎప్పుడు ఉండాలో మనమే నిర్ణయించుకుంటాం. అందుకే సర్వీసు చెడితే తప్పు ఎదుటివాడి మీద వేయడానికి వీలుండదు. ఎంత గొప్ప ఆటగాళ్లకైనా సర్వీసు ఒక్కోసారి మనోవ్యాధిగా మారేది ఇందుకే.

ఎగరవేతను గురించి శిక్షకులు చెప్పే పాఠం దాదాపు అంతటా ఒకటే. బంతిని అరచేతిలో గుప్పిట పట్టకూడదు, వేళ్ల కొసలతో సుతారంగా పట్టుకోవాలి. మోచేయి వంచకూడదు, మణికట్టు విదపకూడదు. చెయ్యి మొత్తం భుజం దగ్గర నుంచి ఒకే కడ్డీలా పైకి లేవాలి. నిండా పాలు పోసిన గ్లాసును తొణకకుండా అటక మీద పెడుతున్నట్టు లేవాలి. చెయ్యి కంటి ఎత్తుకు వచ్చేసరికి వేళ్లు విచ్చుకోవాలి. బంతి తిరగకుండా, వణక్కుండా నిటారుగా పోవాలి. బంతి వెళ్లిపోయాక కూడా చెయ్యి వెంటనే దిగిపోకూడదు. కాసేపు ఆకాశం వైపే చూపిస్తూ ఉండాలి. ఆ చెయ్యి పైన ఉన్నంతసేపూ ఎడమ భుజం ఎత్తుగా, కుడి భుజం పల్లంగా ఉంటుంది. రాకెట్ పైకి లేవడానికి కావలసిన వాలు అదే. తరువాత ఆ చెయ్యి కడుపు దగ్గరికి ముడుచుకుంటుంది. అది అలా ముడుచుకోవడం వల్లే ఒళ్లు తిరిగిన తిరుగుడు ఒక్కసారి ఆగి, ఆ ఊపంతా రాకెట్‌కు చేరుతుంది. అంటే ఎడమ చెయ్యి చేసేది బంతిని అందించే పని ఒక్కటే కాదన్నమాట.

పీట్ సాంప్రాస్ చిన్నప్పుడు అతని శిక్షకుడు పీట్ ఫిషర్ ఒక చిత్రమైన సాధన చేయించేవాడు. కుర్రవాడు బంతిని ఎగరేస్తాడు. బంతి గాలిలో ఉండగా శిక్షకుడు వెనక నుంచి ఎటు కొట్టాలో, ఎలా కొట్టాలో అరిచి చెబుతాడు. అంటే ఏ రకం సర్వీసుకైనా ఎగరవేత ఒక్కలాగే ఉండి తీరాలి. పద్నాలుగు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ బిరుదులు గెలిచిన ఆ మనిషి సర్వీసును ఎదుటివాళ్లు ముందుగా పసిగట్టలేకపోవడానికి ఒక కారణం అదే.

ఇదంతా పుస్తకాల పాఠం. నేను కూడా ఈ పాఠాన్నే నమ్మినవాణ్ణి. నాది హోసూరు. బడిలో లెక్కలూ సైన్సూ చెబుతాను, ఒక పీరియడ్ తమిళంలో, ఇంకో పీరియడ్ తెలుగులో. మా ఊళ్లో ఒక క్లబ్బువాళ్లు తెల్లవారుజామున సభ్యులు రాకముందు మా బడి పిల్లలను తమ కోర్టులో ఆడుకోనిస్తారు. డ్రిల్లు మాస్టరుకు కబడ్డీ, ఖోఖోలతోనే సరిపోతుంది కాబట్టి, సాయంత్రం పూట నాలుగు బంతులు కొట్టే అలవాటున్న పాపానికి టెన్నిస్ నా నెత్తిన పడింది.

కొన్నేళ్ల క్రితం ఆ పిల్లల్లోకి ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి వచ్చింది. అప్పటిదాకా ఆ పిల్ల అదే కోర్టులో సభ్యులకు బంతులు ఏరి ఇచ్చేది. తల్లి గులాబీ తోటలో పనికి పోతుంది. మా వైపు గులాబీల సాగు ఎంత ఉందో మీకు తెలిసే ఉంటుంది. బంతులు ఏరుతూ ఏరుతూనే ఆ పిల్ల ఆట నేర్చేసింది. పరుగు, చూపు, కుడిచేతి దెబ్బ అన్నీ చక్కగా ఉన్నాయి. సర్వీసు దగ్గరకు వచ్చేసరికి మాత్రం చిక్కొచ్చిపడింది. చిన్నప్పుడు చింతచెట్టు మీద నుంచి పడితే ఎడమ మోచేయి విరిగిందట. కట్టు కట్టించారు, ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. ఆ చెయ్యి పూర్తిగా చాపుకోవడానికి రాదు. ఎంత చాపినా కొడవలి వంపు ఉండిపోతుంది.

నాకు ఆ వంపు కనబడింది గాని, దాని వెనక ఉన్న ఎముక కనబడలేదు. 'చెయ్యి చాపు, మోచేయి వంచకు' అని రెండు నెలలు చెప్పాను. గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి గోడను రాసుకుంటూ పైకి పోవాలన్నాను. నేల మీద రాకెట్ పడుకోబెట్టి, ఎగరేసిన బంతి వచ్చి దాని మీదే పడాలన్నాను. పది సార్లు ఎగరేస్తే ఎనిమిది సార్లు బంతి ఆ పిల్ల తల వెనక పడేది. ఒళ్లు విల్లులా వెనక్కి వంచి దాన్ని అందుకోబోయేది. సర్వీసు నెట్‌కు తగిలేది, లేదా కంచె దాకా పోయేది. వరసగా రెండు సర్వీసులూ తప్పిపోతే డబుల్ ఫాల్ట్, పాయింటు ఎదుటివాళ్లకు. ఒక రోజు సాధన ఆటలో ఎదుటి పిల్ల రాకెట్ ఎత్తే పనే లేకుండా ఒక గేమ్ గెలిచేసింది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి ఇలా అంది: "సార్, మీరు చెప్పినట్ల చెయ్యి పెడితే బాలు నా తలమీదికి వస్తుంది. నా మాదిరి పెడితే ముందరికి పోతుంది. మీకు ఏది కావాల సార్, చెయ్యా, బాలా?"

నేను కోప్పడ్డాను. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మరునాటి నుంచి ఆ పిల్ల రాలేదు.

వారం తరువాత తల్లి బడికి వచ్చింది. దెబ్బలాడడానికి కాదు. "ఈ ఆట ఆడితే చెయ్యి చక్కబడుతుందా సార్? మీరు చాపిస్తావుండారంట కదా. రాత్రి నొప్పి నొప్పి అంటుంది, నూనె రాస్తావుండాను" అంది. ఆవిడ మొహంలో నామీద నమ్మకమే తప్ప ఫిర్యాదు లేదు. దానికంటే ఫిర్యాదు చేసి ఉంటేనే బాగుండేది. ఇద్దరినీ వెంటబెట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఎక్స్‌రే తీయించి, "ఇది అలవాటు కాదు మాస్టారూ, ఎముక. ఇంతకంటే చాపుకోదు. బలవంతంగా చాపించకండి, కీలు దెబ్బతింటుంది. ఇలాగే ఉంచి ఏమైనా ఆడనివ్వండి" అన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాఠం చెప్పడం చేతగాక నేను రెండు నెలలపాటు ఒక పిల్ల మోచేతిని తప్పుపట్టాను.

ఆ రాత్రి కూర్చుని, తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పే చలన సూత్రాలతోనే లెక్క వేశాను. బంతి తల వెనక్కి ఎందుకు పోతోంది? చాపిన చెయ్యి భుజం దగ్గర ఒక్క మడత బందు మీద తిరిగే తలుపు లాంటిది. బంతి ఏ చోట వదిలితే ఎటు పోతుందో సులభంగా పట్టు దొరుకుతుంది. మోచేయి వంగి ఉంటే ముంజేయి లోపలికి తిరిగి ఉంటుంది. అలాంటి చేతిని కంటి ఎత్తు దాకా లేపితే, అరచేయి గుండ్రంగా తల మీదికి వస్తుంది. అక్కడ వదిలిన బంతి నిటారుగా ఎలా పోతుంది? వెనక్కే పోతుంది. అంటే వంకర చెయ్యి ఉండడం ఒక సంగతి, ఆ చేతిని తిన్నని చెయ్యి లాగా వాడమనడం ఇంకో సంగతి. తప్పు ఈ రెండోదానిలో ఉంది.

ఇక ఎత్తు సంగతి. ఇక్కడ కొద్దిగా లెక్కలు వస్తాయి, విసుక్కోకుండా వినండి. రాకెట్ తీగల మధ్య భాగంలో ఒక 15 సెంటీమీటర్ల మేర, అంటే మీ పిల్లల స్కేలులో సగం మేర, బంతి ఉండగా కొట్టగలిగితే దెబ్బ బాగా తగులుతుందనుకుందాం. బంతిని కొట్టే చోటికంటే ఒక మీటరు పైకి ఎగరేశామనుకోండి. అది కిందికి దిగి ఆ చోటికి వచ్చేసరికి సెకనుకు నాలుగు మీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. ఆ 15 సెంటీమీటర్లను సెకనులో ముప్పయ్యో వంతు కాలంలో దాటేస్తుంది. అదే బంతిని సరిగ్గా కొట్టే చోటు దాకానే ఎగరేస్తే? అక్కడ బంతి నెమ్మదించి, ఆగి, మళ్లీ దిగుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కలిపి ఆ 15 సెంటీమీటర్లలో సెకనులో మూడో వంతుకు పైగా నిలుస్తుంది. అంటే రాకెట్‌కు పదింతల వ్యవధి దొరికింది.

ఇంకొకటి ఉంది. చెయ్యి ఎవరిదైనా యంత్రం కాదు. బంతి నిటారు నుంచి ఒక 5 డిగ్రీలు పక్కకు పోయిందనుకోండి. ఎత్తుగా ఎగరేసిన బంతి దాదాపు ఒక సెకను గాలిలో ఉంటుంది కాబట్టి, కొట్టే వేళకు యాభై సెంటీమీటర్లకు పైగా పక్కకు జరిగిపోతుంది. తక్కువ ఎత్తుకు ఎగరేసింది అర సెకను కూడా గాలిలో ఉండదు, పదిహేను పదహారు సెంటీమీటర్లే జరుగుతుంది. చెయ్యి చేసిన తప్పు ఒక్కటే, దానికి కట్టే జరిమానా మాత్రం మూడో వంతుకు తగ్గింది. గాలి వీచే రోజున ఈ తేడా మరీ ఎక్కువ.

అయితే అందరూ తక్కువ ఎత్తుకే ఎందుకు ఎగరేయరు అని మీరు అడగవచ్చు. దీనికొక ఖరీదు ఉంది. బంతి అర సెకనులోపే కొట్టే చోటికి వచ్చేస్తుంది కాబట్టి, ఆ లోపలే రాకెట్ వెనక్కి పోయి, కిందికి దిగి, మళ్లీ పైకి రావాలి. మోకాళ్లు వంచి లేవడానికి తీరిక ఉండదు. స్టెఫీ గ్రాఫ్ బంతిని చాలా ఎత్తుకు ఎగరేసేది, ఆ తీరికతోనే తన ఊపు కూర్చుకునేది. 22 గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన ఆవిడకు అది తప్పని ఎవరు చెప్పగలరు?

రెండో దారిన నడిచినవాళ్లూ ఉన్నారు. అమెరికా ఆటగాడు రాస్కో టానర్‌ది ఎడమచేతి వాటం. కుడి చేత్తో బంతిని కొద్దిగా పైకి వదిలి, అది ఇంకా పైన ఆగకముందే అన్నట్టు టక్కున కొట్టేసేవాడు. 1979 వింబుల్డన్ ఫైనల్లో బ్యోర్న్ బోర్గ్‌ను అయిదు సెట్ల దాకా లాగాడు. అదే ఏడు యు.ఎస్. ఓపెన్ క్వార్టర్ ఫైనల్లో బోర్గ్‌ను ఓడించాడు. ఆ ఆటలో అతని సర్వీసు తగిలి నెట్ తాడే తెగి, నెట్ కిందికి జారిపోయింది. ఈ మధ్య కాలంలో యుక్రెయిన్ దేశపు దొల్గొపోలోవ్‌ది కూడా ఇదే పద్ధతి. 2011లో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లాడు. అతని సర్వీసు చూస్తే, బంతి చేతిలోంచి ఎప్పుడు లేచిందో, ఎప్పుడు అవతల పడిందో తెలియదు.

నాకు దారి చూపినవాడు మాత్రం జే బర్గర్. ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. ఇతనూ అమెరికావాడే. 1990లో ప్రపంచంలో ఏడో స్థానానికి చేరాడు. ఇతని సర్వీసు చూసినవాళ్లకు మొదట నవ్వొచ్చేది. అందరూ రెండు చేతులనూ కలిపి కిందికి దించి, కలిపి పైకి లేపుతారు. ఇతను ముందుగానే రాకెట్‌ను వీపు వెనక్కి, వీపు గోక్కునేవాడి మాదిరిగా పెట్టేసుకుని నిలబడేవాడు. కుడి చేతికి ఇక చేయవలసిన ఏర్పాటేమీ లేదు. ఎడమ చెయ్యి ఒక్కటే లేచి బంతిని అందిస్తుంది, వీపు వెనక కాచుకుని ఉన్న రాకెట్ లేచి కొడుతుంది. రెండు చేతుల పొత్తు కుదరక తికమకపడే చోట, ఇతను ఒక చేతి పని ముందే ముగించేశాడు.

ఈ రెండిటినీ కలిపితే మా పిల్లకు సరిపోతుందనిపించింది. మర్నాడు పొద్దున ఆ పిల్ల ఇంటికి వెళ్లి, ముందు తల్లికి డాక్టరు మాట మళ్లీ వివరించి, ఇక చెయ్యి చాపించనని మాట ఇచ్చాను. పిల్లతో "నీ మాదిరే పెట్టు. నాకు బాలే కావాలి" అన్నాను. ఆ పిల్ల నమ్మకంగా చూడలేదు. అయినా వచ్చింది.

ముందు రాకెట్ లేకుండా ఎగరవేత ఒక్కటే చూశాం. ముంజేతిని పళ్లెం పట్టుకున్నట్టు ముందుకు, నేలకు సమంగా పెట్టించాను. ఆ చేతికి అది హాయిగా కుదిరే భంగిమ, నొప్పి లేదు. బంతిని పైకి పంపేది మోచేయి కాదు, భుజం, మోకాళ్లు. మోకాళ్లు కొద్దిగా వంచి లేస్తూ, భుజంతో ఒక జానెడు పైకి ఎత్తి, రొమ్ము ఎత్తులోనే బంతిని వదిలేయాలి. కంటి ఎత్తు దాకా తీసుకుపోతేనే కదా అది తల మీదికి వంకర తిరిగేది. అంతదాకా పోనివ్వకపోతే సరి. కోర్టు వెనక కంచె స్తంభానికి, ఆ పిల్ల రాకెట్ అందే ఎత్తులో ఒక రిబ్బను కట్టాను. బంతి ఆ రిబ్బను దాకా వెళ్లాలి, దాటకూడదు. మూడు రోజులు రాకెట్ ముట్టుకోనివ్వలేదు. నాలుగో రోజు రాకెట్‌ను వీపు వెనక పెట్టించి కొట్టమన్నాను. మొదటి బంతి నెట్‌లో పడింది. రెండోది అవతలి గడిలో పడింది. ఆ పిల్ల నా వైపు తిరిగి చూడలేదు, ఇంకో బంతి తీసుకుంది. నాకదే చాలనిపించింది.

భుజాల వాలు సంగతి చెప్పాను కదా. చెయ్యి చాపి ఆకాశం వైపు చూపించలేని పిల్లకు ఆ వాలు ఎలా? దీనికి విరుగుడు ఆ పిల్లే కనిపెట్టింది. బంతి వదిలాక చేతికి బదులు మోచేతినే పైకి లేపి ఉంచేది. ఎడమ భుజం లేచింది, కుడి భుజం దిగింది. వాలుకు కావలసింది భుజమే గాని వేళ్లు కాదు కదా. నాకు తట్టని సంగతి అది.

ఇదంతా విని ఆ పిల్ల సర్వీసు పిడుగులా తయారైందనుకోకండి. వేగం తక్కువే. రాకెట్ చుట్టూ తిరిగి వచ్చే ఊపును వదులుకున్నాం కాబట్టి ఆ మేరకు నష్టపోయాం. కానీ బంతి గడిలో పడసాగింది. పైగా ఎదుటివాళ్లు సిద్ధపడేలోపే వచ్చేసేది. ఇంకొక వెసులుబాటు కూడా నేర్పాను. ఎగరవేత బాగా రాలేదనిపిస్తే రాకెట్ ఊపకుండా బంతిని పట్టేసుకోవచ్చు, కింద పడనివ్వవచ్చు. అది తప్పుకింద లెక్కకాదు. మన వైపు చాలామంది పిల్లలు ఇది తెలియక, తలవెనక పోయిన బంతిని కూడా వంగి వంగి కొట్టబోయి నడుములు పాడుచేసుకుంటారు. రాకెట్ ఊపి బంతి తగలకపోతేనే తప్పు.

ఆ ఏడాది జోనల్ పోటీలకు ఆ పిల్లను తీసుకుపోయాం. మొదటి ఆటలో రెండో గేమ్ జరుగుతుండగా అవతలి బడితో వచ్చిన ఒక మాస్టారు లేచి అడ్డుచెప్పారు. "మోచేయి వంచి విసురుతోంది, అలా కూడదు. రాకెట్ వెనక పెట్టుకుని నిలబడడం ఏమిటి, ఇది సర్వీసే కాదు" అని ఆయన వాదన. క్రికెట్‌లో బౌలరు మోచేయి సంగతి మనసులో ఉండి ఉంటుంది. అంపైరుగా కూర్చున్నాయన కూడా సందేహంలో పడి ఆట ఆపారు. పిల్ల గీత దగ్గరే నిలబడి, ఎడమ చేతిని లంగా మడతల్లో దాచుకుంది. బంతులు ఏరే రోజుల్లో కూడా దాచుకోగా నేను చూడలేదు.

నా సంచిలో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నిబంధనల ప్రతి ఉంది. ఇలాంటిదేదో వస్తుందని ముందే తెచ్చుకున్నాను. సర్వీసును గురించి అందులో ఉన్నది చాలా కొద్ది. పాదాలు రెండూ గీత వెనక నిలకడగా ఉండాలి. బంతిని చేత్తో ఏ దిక్కుకైనా వదలవచ్చు. అది నేలను తాకకముందే రాకెట్‌తో కొట్టాలి. అంతే. మోచేయి అనే మాటే లేదు. ఎంత ఎత్తుకు వదలాలో లేదు. రాకెట్ ముందు ఎక్కడ ఉండాలో లేదు. ఆ తరువాతి వాక్యం కూడా ఆయనకు చదివి వినిపించాను. ఒక చెయ్యి మాత్రమే వాడగలిగిన ఆటగాడు బంతిని రాకెట్‌తోనే పైకి వదలవచ్చునని అందులో ఉంది.

ఆ వాక్యం వెనక మనుషులున్నారు. ఆస్ట్రియా దేశపు హాన్స్ రెడ్ల్ రెండో ప్రపంచ యుద్ధంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. యుద్ధం ముగిశాక మళ్లీ కోర్టులోకి దిగాడు. బంతిని రాకెట్ తీగల మీద నిలబెట్టి, దానితోనే పైకి ఎగరేసి, అదే రాకెట్‌తో కొట్టేవాడు. 1947లో వింబుల్డన్ సింగిల్స్‌లో నాలుగో రౌండు దాకా ఆడాడు. ఎగరవేసే చెయ్యే లేని మనిషి అంతదూరం వెళ్లాడన్నమాట. మన కాలానికి వస్తే, ఇంగ్లండు అమ్మాయి ఫ్రాన్సిస్కా జోన్స్‌కు పుట్టుకతోనే ఒక్కో చేతికి నాలుగేసి వేళ్లు, బొటనవేలితో కలిపి. 2021లో అర్హత పోటీలు నెగ్గి ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆడింది. బంతిని ఏయే వేళ్లతో పట్టుకోవాలో చెప్పే పాఠం ఆ అమ్మాయికి ఎవరు చెప్పగలిగి ఉంటారు? తనకు తానే చెప్పుకుని ఉండాలి.

అంపైరు ఆ కాగితం రెండు సార్లు చదువుకుని ఆట కొనసాగించమన్నారు. అడ్డుచెప్పిన మాస్టారు మంచివారే. ఆట అయ్యాక వచ్చి నిబంధనల ప్రతి ఒకటి తనకూ కావాలని అడిగారు, తీయించి ఇచ్చాను. మా పిల్ల ఆ ఆట గెలిచింది. రెండో రౌండులో తనకంటే చాలా మంచి ఆటగత్తె చేతిలో ఓడిపోయింది. ఓడినా డబుల్ ఫాల్టులు నాలుగే. బస్సులో వచ్చేటప్పుడు ఆ లెక్క నాకు చెప్పింది తనే.

ఇప్పుడు ఆ అమ్మాయి కాలేజీలో చదువుతోంది. సెలవులకు వస్తే తెల్లవారుజామున కోర్టుకు వస్తుంది, చిన్నపిల్లలకు సర్వీసు నేర్పుతుంది. దానితో నాకొక కొత్త చిక్కు వచ్చింది. చేతులు చక్కగా ఉన్న పిల్లలు కూడా అక్కలాగే మోచేయి వంచి, రాకెట్ వీపున పెట్టుకుని నిలబడుతున్నారు. మొన్న అయిదో తరగతి పిల్లవాడొకడికి "నీ చెయ్యి బాగానే ఉంది కదరా, చాపి చూడు" అన్నాను. వాడు చాపి ఎగరేశాడు, బంతి ఎటో పోయింది. మళ్లీ వంచి ఎగరేశాడు, రిబ్బను దాకా వెళ్లి ఆగింది. "ఏది కావాల సార్?" అన్నాడు. ఆ మాట వాడికి ఎవరు నేర్పారో నేను అడగలేదు. వాడి చేతి సంగతి ఇంకా తేలలేదు, సాధన సాగుతోంది.